కాస్కో అన్నాడు బ్యాటరీల షాపాయన

రాత్రి మూడింటికి అలారం మోగింది. రెండింటికి అంటుంది మా ఆవిడ. ఇద్దరం చెప్పేదీ నిజమే. మేం ఆగిన గెరెరో నెగ్రో ఊరు మెక్సికోలో 28వ అక్షాంశాన్ని ఆనుకుని ఉంది. ఆ గీతకి పైన బాహా కాలిఫోర్నియా రాష్ట్రం, కింద బాహా కాలిఫోర్నియా సుర్. రెంటికీ గంట తేడా. నా ఫోను కొత్త టైముకి మారిపోయింది, బండిలో గోడ గడియారం మార్చాలని ఇద్దరికీ తట్టలేదు.

మోగింది గ్యాస్ అలారం. మోటర్‌హోముల్లో, అంటే లోపలే వండుకుని పడుకునే బండ్లలో, దాన్ని నేలకి జానెడు ఎత్తులో బిగిస్తారు. సిలిండర్లో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. లేచి కూర్చున్నానో లేదో ముక్కు పుటాలదిరేలా కుళ్ళిన గుడ్ల కంపు.

"గ్యాసేనండీ, లేవండి," అంది మా ఆవిడ. నేను అలవాటుగా లైటు స్విచ్ మీదికి చెయ్యి పోనిస్తుంటే టక్కున పట్టుకుంది. "బుద్ధుందా మీకు?"

చీకట్లోనే తడుముకుంటూ బయటికొచ్చి సిలిండర్ కట్టేశాను. తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి దుప్పట్లు కప్పుకుని కుర్చీల్లో కూర్చున్నాం. ఫిబ్రవరి నెల, సముద్రం మీంచి వచ్చే గాలి. కాసేపటికి అలారం ఆగింది. లోపలికెళ్ళి తలుపేసుకున్నామో లేదో మళ్ళీ మొదలు. సిలిండర్ కట్టేశాక గ్యాస్ ఎక్కణ్ణించి వస్తుంది?

వాసన ఎక్కడ ఎక్కువగా ఉందో కనిపెట్టింది మా ఆవిడే. గుమ్మం మెట్టు మీద నిలబడి, "ఇదిగో, ఇక్కడ కొడుతోంది చూడండి," అంది. మా బండిలో ఆ మెట్టు పైకి లేస్తుంది. దాని కిందే బ్యాటరీల అర. లేపగానే మొహం మీదికి వెచ్చటి ఆవిరి కొట్టింది. లోపల్నించి సన్నగా, అన్నం ఉడుకుతున్నట్టు చప్పుడు. రెండు బ్యాటరీల్లో ఒకటి గోరువెచ్చగా ఉంది. రెండోదాని మీద అరచెయ్యి నిలవలేదు. దాని పక్కగోడ కాస్త ఉబ్బింది కూడా.

పరుగెత్తి వెళ్ళి, మోటర్‌హోములు ఆపుకునే ఆ పార్కులో స్తంభానికి తగిలించిన కరెంటు తీగ పీకేశాను. పది నిమిషాల్లో ఆ ఉడుకు చప్పుడు సద్దుమణిగింది.

ఆ రాత్రి నాకు తెలియని సంగతి ఇది: లెడ్ ఆసిడ్ బ్యాటరీని మితిమీరి చార్జ్ చేస్తే హైడ్రోజన్ వస్తుంది, ఇంకా ముదిరితే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా. కుళ్ళిన గుడ్ల కంపు రెండోదానిదే. ప్రొపేన్‌కి వాసన తెలియాలని కలిపే మందు కూడా దాదాపు ఇలాగే కంపు కొడుతుంది, అందుకే పొరబడ్డాం. అలారానికి ఈ తేడాలు పట్టవు, హైడ్రోజన్ తగిలినా కూస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ విషం, పైగా ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది. అంటే వాసన తగ్గిందని సంబరపడటానికి లేదు. హైడ్రోజన్‌కి నిప్పురవ్వ చాలు. చీకట్లో స్పానర్ పట్టుకుని ఆ టర్మినళ్ళ జోలికి పోకపోవడం ఒక్కటే ఆ రాత్రి నేను చేసిన తెలివైన పని. అది కూడా స్పానర్ దొరక్కే.

ఇలాంటి బండి గురించి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మోటర్‌హోములో బ్యాటరీలు రెండు రకాలు. ఇంజను స్టార్ట్ చేసేది ఒకటి. లోపల లైట్లు, నీళ్ళ మోటారు, హీటర్ ఫ్యాను, ఇలా ఇంటి పనులన్నీ చూసేది వేరే. వీటిని హౌస్ బ్యాటరీలంటారు. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచినా దాని లోపలి బోర్డుకి 12 వోల్టులు కావాల్సిందే, కాబట్టి అవి పడుకుంటే ఫ్రిజ్ కూడా పడుకుంటుంది. మా బండిలో జెనరేటర్ స్టార్టవ్వడానికి కూడా కరెంటు వాటి నుంచే. బ్యాటరీ పోతే బ్యాటరీని చార్జ్ చేసే జెనరేటర్ స్టార్టవదు. ఎవడు కనిపెట్టాడో గానీ!

మావి ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు, వరసగా కలిపి 12 చేసినవి. ఇరవై నాలుగు అడుగుల బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు దాంతోపాటే వచ్చాయి. వాటి వయసెంతో నేను అడగలేదు, అమ్మినాయన చెప్పలేదు.

నిజానికి అవి ముందే చెప్పాయి, నేనే వినలేదు. అంతకు మూడు రోజుల ముందు కటవీన్యా దగ్గర ఎడారిలో ఆగాం. ఏనుగులంత బండరాళ్ళు, వాటి మధ్య ఆకాశంలోకి పొడుచుకుపోయిన సిరియో చెట్లు, కనుచూపు మేరలో కరెంటు స్తంభం లేదు. తెల్లారుజామున హీటర్ ఆగిపోయింది, ఫ్రిజ్ కీచుమంది. రోడ్డు దుమ్ముకి సోలార్ ప్యానెల్ మూసుకుపోయి ఉంటుందని తీర్మానించి, పైకెక్కి రెండు బకెట్ల నీళ్ళతో కడిగాను. ఎడారిలో రెండు బకెట్లు! ఇంజను నడుస్తుంటే అన్నీ బాగానే పనిచేశాయి కాబట్టి నా వైద్యం ఫలించిందనే అనుకున్నాను. ఆ తర్వాత గెరెరో నెగ్రోలో తిమింగలాల్ని చూద్దామని కరెంటున్న పార్కులో మూడు రాత్రులకి డబ్బు కట్టి ప్లగ్ పెట్టుకున్నాం. గోడమీది ప్యానెల్‌లో నాలుగు లైట్లూ వెలిగాయి. అంటే ఫుల్ అన్నమాట. ప్లగ్‌లో ఉన్నంతసేపూ ఆ లైట్లు చూపించేది చార్జర్ వోల్టేజీనని, లోపల బ్యాటరీ శవమైనా నాలుగూ వెలుగుతాయని నాకప్పటికి తెలియదు.

తెల్లారాక మల్టీమీటర్ తీశాను. చార్జింగ్ ఆపి నాలుగైదు గంటలైంది కాబట్టి ఈసారి బ్యాటరీ నిజం చెబుతుంది. రెండూ కలిపి 10.4. విడివిడిగా చూస్తే ఒకటి 6.2, రెండోది 4.2.

ఆ 4.2 చూడగానే జబ్బు తెలిసిపోయింది. ఆరు వోల్టుల బ్యాటరీలో మూడు సెల్లులుంటాయి, ఒక్కోటి 2.1. మూడిట్లో ఒకటి షార్టయి పోయింది, రెండే మిగిలాయి. ఇక రాత్రి జరిగిందేమిటో కూడా లెక్క కట్టొచ్చు. మా పాత చార్జర్ ఎప్పుడూ 13.6 వోల్టులు ఇస్తూనే ఉంటుంది, ఆపడం దానికి తెలీదు. ఆరు సెల్లులు పంచుకుంటే తలా 2.27, అది భరించగలవు. ఒకటి చచ్చాక అదే వోల్టేజీ ఐదింటి మీద పడింది, తలా 2.72. అవి ఉడికిపోక ఏం చేస్తాయి?

మూతలు తీసి టార్చి వేశాను. వేడెక్కిన బ్యాటరీ మధ్య సెల్లులో నీళ్ళు అడుగంటి, పలకలు బయటికి కనిపిస్తున్నాయి, ఎండిన చెరువులో పగుళ్ళిచ్చిన మట్టి రంగులో. మిగతావాటిలోనూ అంతంతమాత్రమే. మా ఆవిడ భుజం మీంచి తొంగిచూసింది.

"మా ఇంట్లో ఇన్వర్టర్‌కి నాన్న నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసేవారు. మీరు దీనికి ఎప్పుడు పోశారు?"

నేను మల్టీమీటర్ వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాను. చలికాలం ముందు నాలుగు నెలలు బండిని ఇంటి దగ్గర ప్లగ్‌లో పెట్టే వదిలేశాను. చార్జింగ్‌లో ఉంటే బ్యాటరీకి మంచిదే కదా అని. నీళ్ళన్నీ అప్పుడే ఆవిరైపోయాయి.

ఆవిడ ఊరుకోకుండా వెళ్ళి ఊళ్ళో డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చింది. "అగ్వా దెస్తిలాదా" అని అడగాలట. బతికున్న సెల్లుల్లో పలకలు మునిగేదాకా పోశాం. చచ్చినదాంట్లో పోసి లాభం లేదు. షార్టయిన సెల్లుని నీళ్ళు బతికించవు.

ఇప్పుడేం చెయ్యాలి? వెనక్కి వెళ్దామంటే ఎన్సెనాడా దాదాపు 600 కిలోమీటర్లు. ముందుకి వెళ్దామంటే లా పాజ్ 750 పైమాటే. మధ్యలో ఉన్న ఊళ్ళు చిన్నవి. ఇక్కడే ఏదో ఒకటి దొరుకుతుందేమో చూద్దామని బయల్దేరాం.

మెక్సికోలో బ్యాటరీ షాపుల బోర్డుల మీద "అకుములదోరెస్" అని ఉంటుంది. ఆ మాట తెలియక రెండు షాపుల ముందునుంచే వెళ్ళిపోయాం. మూడోదాంట్లో చొక్కా నిండా ఆసిడ్ చిల్లులున్న ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఫోనులో అనువాదం పెట్టుకుని, మోటర్‌హోమ్ హౌస్ బ్యాటరీ కావాలన్నాను. ఫోను ఏం చెప్పిందో గానీ ఆయన ఇంటి ఇన్వర్టర్ సంగతి మొదలెట్టాడు. మళ్ళీ చెప్పాను. లారీ బ్యాటరీ చూపించాడు. తాడుతో కొలిచి చూస్తే మా అరకన్నా బెత్తెడు పొడవు. పైగా అది స్టార్టింగ్ బ్యాటరీ. వాటిలో పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఒక్క క్షణం దండిగా కరెంటు ఇవ్వడం వాటి పని. రాత్రంతా కొంచెం కొంచెంగా ఇస్తూ సగానికి దిగి, మళ్ళీ నిండి, మళ్ళీ దిగడం వాటివల్ల కాదు. దానికి మందపు పలకలుండాలి.

చివరికి ఫోను పక్కన పెట్టి, కాగితం మీద "6 వి" అని రాసి, పక్కన చిన్న గోల్ఫ్ బండి బొమ్మ వేశాను. నా బొమ్మ చూసి మా ఆవిడ నవ్వింది గానీ ఆయనకి అర్థమైపోయింది.

"ఆ! కర్రీతో దె గోల్ఫ్! సేయిస్ వోల్ట్స్!"

అదీ అసలు పేరు. ప్రపంచంలో ఎక్కడికెళ్ళినా మోటర్‌హోమ్ బ్యాటరీ అంటే అందరికీ తెలియకపోవచ్చు, గోల్ఫ్ బండి బ్యాటరీ అంటే బ్యాటరీలమ్మేవాడికి తెలుస్తుంది. మావీ అవే, కొలతలూ అవే. అయితే గెరెరో నెగ్రోలో ఉప్పు కయ్యలున్నాయి గానీ గోల్ఫ్ మైదానాలు లేవు. లా పాజ్‌లో దొరుకుతాయి, అక్కడ పడవలవాళ్ళు కూడా ఇవే వాడతారు అన్నాడు. మరి అంతదాకా? మామూలు కారు బ్యాటరీ ఒకటి పెట్టుకు పొండి, లైట్లకీ నీళ్ళకీ సరిపోతుంది, హీటర్ మాత్రం వెయ్యొద్దు అని సైగలతో చెప్పాడు. ఇంతకన్నా మంచి సలహా నాకు ఇంగ్లీషులో కూడా దొరికేది కాదేమో.

డబ్బు ఇవ్వబోతుంటే ఆయన నా మొహంలోకి చూసి, "కాస్కో?" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. తెలుగువాడి చెవికి ఆ మాట ఎలా వినబడుతుందో వేరే చెప్పాలా. ఫోనుని అడిగితే "మీ హెల్మెట్ ఏది?" అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన నవ్వి, మూలన గుట్టగా పడున్న పాత బ్యాటరీలు చూపించాడు. పాతదాన్ని కాస్కో అంటారన్నమాట. అది ఇస్తే ఒక ధర, ఇవ్వకపోతే పైన ఇంత. లోపలి సీసం మళ్ళీ వాడతారు కాబట్టి చచ్చిన బ్యాటరీకీ విలువుంది. ఉబ్బిన మాదాన్ని మోసుకెళ్ళి ఇచ్చాం. అది వదిలిపోతున్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

బిగించేటప్పుడు ముందు సోలార్ ఫ్యూజు తీశాను. ఎండలో ప్యానెల్ కరెంటు పంపిస్తూ ఉండగా కింద బ్యాటరీ ఊడదీస్తే, ఆ కరెంటుని అదుపు చేసే కంట్రోలర్‌కి ముప్పు. తర్వాత మైనస్, తర్వాత ప్లస్. పెట్టేటప్పుడు ఇదే తలకిందులు, ప్లస్ ముందు, మైనస్ ఆఖర. మైనస్ ఊడి ఉంటే, ప్లస్ మీద తిప్పే స్పానర్ బండి ఇనుముకి తగిలినా ఏమీ కాదు.

ఆ కారు బ్యాటరీతో బతికిన ఆరు రోజులూ మాకు కరెంటు విలువ తెలిసింది. హీటర్ ఫ్యాను ఏడు ఆంపియర్లు లాగేస్తుంది. రాత్రిలో ఐదు గంటలు తిరిగితే 35 ఆంపియర్ అవర్లు, కారు బ్యాటరీలో వాడుకోదగ్గది అంత ఉండదు. కాబట్టి హీటర్ బంద్, రెండేసి దుప్పట్లు. మా ఆవిడ నోట్‌బుక్‌లో పొద్దునా సాయంత్రం వోల్టేజీ రాసేది, ఇంటి పాల లెక్కలా. 12.2 చూపిస్తే లైట్లు కూడా ఆపేసి పడుకునేవాళ్ళం. సామాను ఐసు పెట్టెలో పెట్టి, ఊరొచ్చినప్పుడల్లా ఐసు సంచులు కొనేవాళ్ళం.

ములెహే దాటాక కొన్సెప్సియోన్ అఖాతం పక్కన రెకెసోన్ బీచిలో రెండు రాత్రులు ఆగాం. ఆటుకి నీళ్ళు తగ్గినప్పుడు ఇసుక బాట తేలి ఎదురుగా ఉన్న చిన్న దీవికి నడిచి వెళ్ళొచ్చు. పక్క బండిలో కెనడా నుంచి వచ్చిన పెద్దాయన నా కథ విని, ఈ కాలంలో ఇంకా సీసమేమిటి, లిథియం పెట్టుకో అని గంటసేపు క్లాసు పీకాడు. ఆయన బండిలో లిథియమే. రాత్రంతా వెచ్చగా పడుకున్నాడు, కాబట్టి మాట్లాడే హక్కుంది. నాకూ మనసు లాగింది. కానీ లిథియం పెట్టాలంటే బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలదు. మా పాత చార్జర్ దాన్ని పూర్తిగా నింపలేదు. నడుస్తున్నప్పుడు ఇంజను ఆల్టర్నేటర్ నుంచి అది అడిగినంత కరెంటు లాగేస్తుంది, మధ్యలో ఇంకో చార్జర్ పెట్టకపోతే ఆల్టర్నేటర్ మాడిపోవచ్చు. సోలార్ సెట్టింగులు వేరు. ఇంటి దగ్గరైతే తీరిగ్గా చేసుకుంటాను గానీ, భాష రాని ఊళ్ళో, అప్పుడే ఒక పొరపాటు చేసి తెలివి తెచ్చుకున్నవాణ్ణి, ఇన్ని మార్పులు నెత్తినేసుకునే ధైర్యం లేదు. పోయింది ఏదో అదే తెచ్చి పెట్టాలి, అంతే. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకుని ఉండడు.

లొరెతోలో అడిగాం, లేవు. కొండలెక్కి దిగి సియుదాద్ కొన్స్‌తితుసియోన్ చేరాం. చుట్టూ పొలాలున్న ఊరు, ట్రాక్టర్లు తిరిగేచోట బ్యాటరీ షాపులకి కొదవేముంటుంది. ఒక షాపులో గోల్ఫ్ బండి బ్యాటరీ ఉంది. ఒక్కటే ఉంది.

ఇక్కడ నా బుద్ధి గడ్డి తినబోయింది. మన దగ్గర 6.2 చూపించిన బాగున్న బ్యాటరీ ఉందిగా, ఈ కొత్తదాన్ని దానికి జత చేసేస్తే సగం ఖర్చుతో పోతుంది, లా పాజ్ దాకా ఆగక్కర్లేదు. మా ఆవిడ కూడా ఊ అంది. షాపు కుర్రాడు మాత్రం ఆగమని లోపల్నించి లోడ్ టెస్టర్ తెచ్చాడు. రెండు క్లిప్పులు, ఒక ముల్లు, లోపల హీటర్ చుట్ట. క్లిప్పులు తగిలించి మీట నొక్కాడు. చుట్ట ఎర్రబడి వేడి గాలి వచ్చింది. ముల్లు మొదట పచ్చ గడిలో నిలబడింది. రెండు, మూడు, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు నెమ్మదిగా వాలుతూ పసుపులోకి, అక్కణ్ణించి ఎరుపులోకి జారి అడుగుకి ఆనుకుంది. కుర్రాడు మీట వదిలేసి తల అడ్డంగా ఊపాడు.

ఊరికే కూర్చున్నప్పుడు 6.2 చూపించడం వేరు, బరువెత్తడం వేరు. ఇదీ నీళ్ళు లేక ఎండినదే, కాకపోతే ఇంకా పడిపోలేదు. దానికి కొత్తది జత చేస్తే వరసలో ఉన్న కరెంటు రెంటి గుండానూ పోవాలి కాబట్టి ముసలిది ముందు ఖాళీ అవుతుంది, చార్జింగప్పుడు ముసలిదానికి ఎక్కువై కొత్తదానికి చాలకుండా పోతుంది, ఏడాది తిరక్కుండా కొత్తదీ ముసలిదవుతుంది. ఆ కుర్రాడు నోరు మూసుకుని ఉంటే ఒక బ్యాటరీ అమ్ముడయ్యేది. అయినా చెప్పాడు. లా పాజ్‌లో ఏ వీధిలో అడగాలో కూడా కాగితం మీద గీసిచ్చాడు.

లా పాజ్ రాష్ట్ర రాజధాని, సముద్రపు ఒడ్డున పడవల రేవులు. కుర్రాడు గీసిన వీధిలో గోల్ఫ్ బండి బ్యాటరీలు వరసగా పేర్చి ఉన్నాయి, చూడగానే కడుపు నిండినట్టయింది. ఈసారి మాత్రం మీటరు చేత్తో పట్టుకునే లోపలికి వెళ్ళాను. మొదట తెచ్చిన జతలో ఒకటి 6.3 దాటింది, రెండోది 6.1. అమ్ముడుపోక అలా పడి ఉండి తనంతట తనే దిగిపోయిందన్నమాట. అలా చాలాకాలం దిగి ఉన్న బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. వద్దన్నాను. మైనస్ టర్మినల్ మీద చిన్నగా ఒక అక్షరం, ఒక అంకె గుద్ది ఉన్నాయి, నెలకి అక్షరం, ఏడాదికి అంకె. రెండింటి మీదా ఒకటే గుర్తున్న జత కావాలని అడిగాను. ఆయన విసుక్కోకుండా వెనక వరసలోంచి తీయించాడు. 225 ఆంపియర్ అవర్లవి. 16 శాతం పన్నుతో కలిపి రెంటికీ తొమ్మిది వేల పెసోలు దాటింది. కాస్కో ఒక్కటే మా దగ్గరుంది, రెండోది లేనందుకు పైన కట్టాం. ఉబ్బినదాన్ని గెరెరో నెగ్రోలో ఇచ్చేశాం కదా.

ఒక్కోటి 28 కిలోలు. షాపు ముందే, రోడ్డు పక్కన మెట్టు లేపి పని మొదలెట్టాను. పాత జతని గెరెరో నెగ్రోలో తీసేముందే తీగలన్నీ ఎలా ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకున్నాను. పొంగిపోయి షాపాయనకి కూడా చూపించాను. ఆ ఫోటోయే నా కొంప ముంచింది. పాత బ్యాటరీల్లో ప్లస్ గోడ వైపు ఉండేది. ఈ కొత్తవాటిని నేను తిప్పి పెట్టాను, ఎత్తడానికి పిడి అటువైపు అనువుగా ఉందని. తర్వాత గుర్తులు చూడకుండా ఫోటో చూసుకుంటూ గోడ వైపున్న టర్మినల్‌కి ఎర్ర తీగ బిగించాను. రెండోది ఆనించగానే టప్‌మని నీలిమెరుపు. నా చేతిలో స్పానర్ ఎగిరి కాలువలో పడింది.

లోపల ఒక్క లైటూ వెలగలేదు. మా ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అదృష్టం ఏమిటంటే ఇలాంటి ఘనకార్యాలు చేసేవాళ్ళుంటారని చార్జర్ తయారుచేసినవాళ్ళకి ముందే తెలుసు. దాంట్లో రెండు 40 ఆంపియర్ల ఫ్యూజులు ఇందుకోసమే ఉంటాయి. తీగలు తారుమారైతే ముందు అవి కాలి మిగతాదాన్ని కాపాడతాయి. సోలార్ ఫ్యూజు అప్పటికే తీసి జేబులో ఉంది కాబట్టి కంట్రోలర్ కూడా దక్కింది. షాపులో పనిచేసే పిల్లవాడు సైకిలేసుకుని వెళ్ళి రెండు ఫ్యూజులు తెచ్చాడు. మొత్తం సాహసయాత్రలో అతి చవకైన కొనుగోలు అదే. ఈసారి టర్మినల్ మీద పోతపోసి ఉన్న ప్లస్ గుర్తుని వేలితో తడిమి, పైకి చదివి, మా ఆవిడ చేత కూడా చదివించి బిగించాను. పాత తీగల చివర పచ్చగా పొక్కులు కట్టిన తుప్పుని వేడినీళ్ళూ బేకింగ్ సోడాతో కడిగితే బుసబుస పొంగి రాగి రంగు తేలింది. ఆ నీళ్ళు సెల్లుల్లోకి మాత్రం పోనివ్వకూడదు.

ఆ రాత్రి హీటర్ వేసుకుని పడుకున్నాం. పొద్దున్న నోట్‌బుక్‌లో 12.6.

ఇప్పుడు అవసరం లేనప్పుడు ప్లగ్ పెట్టను. నెలకోసారి మూతలు తీసి నీళ్ళు చూస్తాను, కాదు, చూడమని మా ఆవిడ గుర్తుచేస్తుంది. గ్యాస్ అలారం వెనక తిప్పి చూస్తే దాని కాలపరిమితి ఎప్పుడో దాటిపోయిందని అచ్చేసి ఉంది. పాపం, అయినా మమ్మల్ని లేపింది. దాన్నీ మార్చాం.

ఆరు రోజులు మమ్మల్ని పోషించిన కారు బ్యాటరీ తిరుగు ప్రయాణంలో కూడా వెనక అరలో దొర్లుతూనే ఉంది. మార్చిలో మళ్ళీ గెరెరో నెగ్రో మీదుగా వస్తూ ఆ షాపు ముందు ఆగాం. ఆసిడ్ చిల్లుల చొక్కా ఆయన మమ్మల్ని గుర్తుపట్టి, గాల్లో గోల్ఫ్ కర్ర తిప్పినట్టు చెయ్యి తిప్పాడు. నేను అర తెరిచి బ్యాటరీ కిందికి దింపుతుంటే, ఆయన నోరు తెరిచేలోపే మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి గట్టిగా అంది: "కాస్కో!"